చుక్కలు బయటపడ్డాయి సరే, మనుషులు ఎప్పుడు కదులుతారు?

పెద్ద భవనాల ఫైర్ సేఫ్టీ నివేదికలతో పాటు ఈమధ్య ఒక చిన్న వీడియో కూడా వస్తోంది. జనం ఎలా బయటపడతారో కంప్యూటర్ ప్రోగ్రాముతో అనుకరించి చూపే సిమ్యులేషన్ అది. ఫ్లోర్ ప్లాన్ మీద వందలాది రంగు చుక్కలు ఉంటాయి, ఒక్కో చుక్క ఒక్కో మనిషి. అలారం మోగగానే చుక్కలన్నీ కదులుతాయి, తలుపుల దగ్గర గుమిగూడతాయి, మెట్లు దిగి ఒక్కొక్కటిగా తెర మీంచి మాయమవుతాయి. చివరి చుక్క పోయాక కింద ఒక అంకె మిగులుతుంది: భవనం ఖాళీ కావడానికి ఇన్ని నిమిషాల ఇన్ని సెకన్లు. సెకన్లతో సహా చెప్పారంటే పక్కా లెక్కే అయి ఉంటుందని మనకు అనిపిస్తుంది.

ఆ అంకెలో కొంత గట్టిది, కొంత ఊహ. మనిషి ఎంత వేగంగా నడుస్తాడు, తలుపులోంచి సెకనుకు ఎంతమంది పడతారు అన్నవి ఈ ప్రోగ్రాములకు బాగానే తెలుసు. అసలు ఎప్పుడు కదులుతాడు, ఏ తలుపు వైపు వెళతాడు అన్న దగ్గర మాత్రం, రిపోర్టు రాసే ఇంజనీరు టైప్ చేసిన అంచనాలే తిరిగి మనకు కనిపిస్తాయి. పెద్ద అగ్నిప్రమాదాల విచారణలు చదివితే మళ్లీ మళ్లీ ఎదురయ్యేది ఈ రెండో భాగమే.

కంప్యూటర్ లేనప్పటి లెక్క

1911 మే 9న ఎడిన్‌బరోలోని ఎంపైర్ ప్యాలెస్ థియేటర్‌లో ప్రదర్శన జరుగుతుండగా స్టేజీ మీద మంటలు లేచాయి. స్టేజీకీ ప్రేక్షకులకూ మధ్య మంటలను ఆపే ఫైర్ కర్టెన్ దించేశారు. వాద్యబృందం జాతీయ గీతం అందుకుంది. ఆ పాట అయ్యేలోపు, అంటే రెండున్నర నిమిషాల్లో, దాదాపు మూడు వేల మంది ప్రేక్షకులు బయటపడ్డారు. చనిపోయినవాళ్లు స్టేజీ వైపు ఉన్నవాళ్లే. భవనాల నిబంధనల్లో రెండున్నర నిమిషాల కొలబద్ద అక్కడి నుంచే వచ్చిందని చెబుతారు. ఇంత చక్కగా అమరిన కథను కాస్త అనుమానంగానే చూడాలనుకోండి. అంకె మాత్రం బ్రిటిష్ మార్గదర్శకాల్లో దశాబ్దాల పాటు నిజంగానే నిలబడింది.

ఎంతసేపట్లో ఖాళీ కావాలో ముందే తేలిపోతే మిగిలేది భాగహారమే. 400 మంది పట్టే హాలు ఒకటి ఉందనుకుందాం. దానికి 1.2 మీటర్ల వెడల్పున్న తలుపులు రెండు. నడిచేటప్పుడు ఎవరూ తలుపు చట్రాన్ని రాసుకుంటూ వెళ్లరు, రెండు పక్కలా కాస్త ఎడం వదులుతారు. కెనడా పరిశోధకుడు జేక్ పాల్స్ 1970ల్లో ఎత్తైన ఆఫీసు భవనాల డ్రిల్స్ గమనించి ఈ సంగతికి లెక్క కట్టాడు. తలుపుకైతే ఒక్కో వైపు 15 సెంటీమీటర్లు తీసేయడం ఆనవాయితీ. అంటే వాడుకలోకి వచ్చే వెడల్పు 0.9 మీటర్లు. మీటరు వెడల్పులో సెకనుకు గరిష్ఠంగా 1.3 మంది దాటతారని చేతిపుస్తకాలు చెబుతాయి. ఆ లెక్కన రెండు తలుపులూ కలిపి సెకనుకు 2.34 మంది. 400 మందికి 171 సెకన్లు, అంటే మూడు నిమిషాలకు కొంచెం తక్కువ. దీనికి కాలిక్యులేటర్ చాలు, సిమ్యులేషన్ అక్కర్లేదు.

ఆ 1.3 ఎక్కడిది? రద్దీ పెరిగేకొద్దీ నడక నెమ్మదిస్తుంది. ఇంజనీర్లు ఎక్కువగా వాడే సూత్రం ప్రకారం, చుట్టూ ఖాళీగా ఉంటే మనిషి సెకనుకు 1.2 మీటర్లు నడుస్తాడు. చదరపు మీటరుకు ఒకరున్నప్పుడు అది దాదాపు 1 మీటరుకు, ఇద్దరున్నప్పుడు 0.65కు, ముగ్గురున్నప్పుడు 0.28కి పడిపోతుంది. ఇంకా దగ్గరైతే అడుగు పడదు. మనుషులు పలచగా ఉంటే వేగం ఉన్నా దాటేవాళ్లు తక్కువ, కిక్కిరిస్తే మనుషులున్నా వేగం ఉండదు. ఈ రెంటి మధ్యన, చదరపు మీటరుకు ఇద్దరికి కాస్త తక్కువ ఉన్నప్పుడు ప్రవాహం గరిష్ఠానికి చేరుతుంది. ఆ గరిష్ఠమే 1.3.

ఈ అంకెలు కూడా రాతి మీద చెక్కినవి కావు. పై సూత్రంలో చదరపు మీటరుకు 3.8 మంది దగ్గర నడక ఆగిపోతుంది. స్విట్జర్లాండ్‌లో వైడ్‌మన్ అనే పరిశోధకుడు 1993లో అనేక కొలతలను కలిపి గీసిన గ్రాఫులో ఆ హద్దు 5.4. 2009లో అచ్చయిన ఒక అధ్యయనంలో జర్మన్లనీ భారతీయులనీ వేర్వేరుగా ఒకరి వెనక ఒకరిని నడిపించి పోల్చారు. రద్దీ పెరిగినప్పుడు భారతీయుల వేగం జర్మన్ల వేగమంతగా తగ్గలేదు. ముందున్న మనిషికి ఎంత దగ్గరగా వెళ్లొచ్చన్నది అలవాటును బట్టి మారుతుందన్నమాట. ఒకచోట కొలిచిన గ్రాఫును సాఫ్ట్‌వేర్‌లో ఉంది కదా అని ఇంకోచోట వాడేసే ముందు ఈ ఫలితాన్ని గుర్తు పెట్టుకోవాలి.

మనిషిని చుక్కగా మార్చడం

ఒకే హాలు, రెండు తలుపులు అయితే చేతిలెక్క సరిపోతుంది. ముప్ఫై అంతస్తుల భవనంలో, పైనుంచి మెట్లు దిగేవాళ్ల గుంపులోకి ప్రతి అంతస్తు నుంచీ కొత్తవాళ్లు వచ్చి కలుస్తుంటే, ఎవరు ఎవరికి దారి ఇస్తారో, ఎక్కడ జామ్ అవుతుందో కాగితం మీద తేలదు. కంప్యూటర్ అవసరం అక్కడే వచ్చింది.

తొలి ప్రోగ్రాముల్లో మనుషులే లేరు. గదులు, వరండాలు, మెట్లు ఒక నెట్‌వర్క్‌గా ఉండేవి, వాటిగుండా సంఖ్యలు ప్రవహించేవి. ఆ తర్వాత నేలను గళ్లుగా విడగొట్టే పద్ధతి వచ్చింది. ఒక్కో గడి 40 సెంటీమీటర్ల చదరం, గడికి ఒక్కరే. జర్మనీలోని కొలోన్ పరిశోధకులు 2001లో ఇచ్చిన రూపం బాగా వ్యాపించింది. తలుపుకు ఎంత దగ్గరో చెప్పే అంకె ప్రతి గడికీ ఉంటుంది. చుట్టూ ఉన్న ఖాళీ గళ్లలో దేనిలోకి అడుగు వేయాలన్నది ఆ అంకెల మొగ్గును బట్టి పాచికలు వేసినట్టు తేలుతుంది. నడిచిన ప్రతి మనిషీ వెనక ఒక జాడ వదులుతాడు, అది కాసేపటికి చెదిరిపోతుంది. ఉన్నంతసేపు వెనకవాళ్లను తనవైపు లాగుతుంది. గొర్రెదాటుకు ఇంత చవకైన గణితం ఇంకొకటి లేదేమో! ఈ పద్ధతి చాలా వేగంగా నడుస్తుంది. చిక్కేమిటంటే నిజమైన భవనాలు 40 సెంటీమీటర్ల కొలతలో కట్టరు. 1.1 మీటర్ల వరండాలో రెండు గళ్లే పడతాయి, మిగతా 30 సెంటీమీటర్లు వృథా. నిలువుగా, అడ్డంగా మాత్రమే అడుగులు వేయనిచ్చే గళ్లలో ఐమూలగా వెళ్లాలంటే 41 శాతం ఎక్కువ దూరం నడవాలి.

రెండో దారిలో గళ్లుండవు. 1995లో డిర్క్ హెల్బింగ్, పీటర్ మోల్నార్ ప్రతిపాదించిన 'సోషల్ ఫోర్స్' మోడల్‌లో మనిషి మీద బలాలు పనిచేస్తాయి. గమ్యం వైపు తనకు నచ్చిన వేగంతో పోవాలన్న లాగుడు ఒకటి. పక్కవాళ్ల నుంచి, గోడల నుంచి ఎడంగా ఉండాలన్న నెట్టుడు ఇంకొకటి. నిజంగా ఎవరూ ఎవరినీ అంత దూరం నుంచి నెట్టరు. మనసులోని ఇష్టాయిష్టాలను న్యూటన్ సూత్రాల భాషలో రాశారంతే. అయినా ఫలితం ఆశ్చర్యపరుస్తుంది. వరండాలో రెండు వైపుల నుంచీ జనాన్ని వదిలితే, ఎవరూ చెప్పకుండానే వరసలు ఏర్పడతాయి, ఒక వైపు వెళ్లేవాళ్లు ఒకరి వెనక ఒకరు సర్దుకుంటారు. రద్దీ ఫుట్‌పాత్ మీద రోజూ చూసేదే. దాని కోసం ప్రోగ్రాములో ఒక్క లైను కూడా రాయలేదు.

ఇదే మోడల్‌తో హెల్బింగ్, ఫర్కాష్, విచెక్ 2000లో 'నేచర్' పత్రికలో మరో ఫలితం ప్రకటించారు. ఇరుకు తలుపున్న గదిలో ఒక్కొక్కరూ ఎంత వేగంగా పోవాలనుకుంటారో ఆ విలువను పెంచుతూ పోయారు. సెకనుకు ఒకటిన్నర మీటర్ల దాకా గది తొందరగా ఖాళీ అయింది. అది దాటాక ఆలస్యం పెరిగింది. తోపులాటలో భుజాలు భుజాలకు బిగుసుకుని తలుపు ముందు కమానులా ఇరుక్కుపోతాయి, అది విడిపోయేదాకా ఎవరూ కదలరు. తొందరపడితే ఆలస్యం అన్నమాట. స్పెయిన్‌లోని నవార్రా విశ్వవిద్యాలయం వాళ్లు 2014లో మనుషులతోనే ప్రయోగం చేసి ఇది నిజమేనని చూపించారు. అయితే తర్వాతి ప్రయోగాలన్నీ ఇదే మాట చెప్పలేదు. తలుపు వెడల్పు, తోపుడు తీవ్రత మారితే ఫలితమూ మారుతోంది. తలుపు ముందు ఒక స్తంభం నిలబెడితే ఒత్తిడి తగ్గి జనం ఇంకా వేగంగా బయటపడతారన్న మోడల్ జోస్యం పరిస్థితి ఇంకా బలహీనం. గొర్రెలతో, గింజలతో పనిచేసిన ఆ చిట్కా మనుషుల దగ్గర అంతగా పనిచేయలేదు. వినడానికి గమ్మత్తుగా ఉంటుంది కాబట్టి ఆ స్తంభం కథ మాత్రం ఇప్పటికీ తిరుగుతూనే ఉంది.

అలారం మోగాక ఏం జరుగుతుంది

ఫైర్ ఇంజనీర్లు రెండు సమయాలను పోలుస్తారు. పొగ, వేడి భరించలేని స్థాయికి చేరేలోపు దొరికే సమయం ఒకటి. అందరూ బయటపడటానికి కావలసిన సమయం ఇంకొకటి. రెండోది మొదటిదానికన్నా తగినంత తక్కువగా ఉండాలి. ఆ రెండోదానిలో మళ్లీ ముక్కలున్నాయి: మంటను కనిపెట్టే సమయం, అలారం మోగే సమయం, విన్న మనిషి లేచి కదిలే సమయం, నడిచే సమయం. చుక్కల వీడియో నిజంగా లెక్కగట్టేది ఆఖరి ముక్కను మాత్రమే. మిగతావి దానికి బయటి నుంచి ఇచ్చినవి.

లేచి కదిలే సమయం ఎందుకంత కీలకమో చూడాలంటే ఒక పాత ప్రయోగం దగ్గరికి వెళ్లాలి. 1968లో మనస్తత్వ శాస్త్రవేత్తలు బిబ్ లటానే, జాన్ డార్లీ ఒక గదిలో విద్యార్థులను కూర్చోబెట్టి ఫారం నింపమన్నారు. కాసేపటికి గోడలోని కన్నంలోంచి గదిలోకి పొగ వదిలారు. ఒంటరిగా ఉన్నవాళ్లలో 75 శాతం మంది బయటికెళ్లి చెప్పారు. పక్కన ఇద్దరు, ముందే అనుకున్న ప్రకారం, ఏమీ పట్టనట్టు కూర్చుంటే చెప్పింది 10 శాతమే. మిగతావాళ్లు పొగను చేత్తో విసురుకుంటూ ఫారం నింపుతూనే ఉన్నారు. బెల్లు మోగినా అంతే. డ్రిల్ ఏమో అనుకుంటారు, పక్కవాళ్ల ముఖం చూస్తారు, మెయిల్ పూర్తిచేస్తారు, బ్యాగు సర్దుకుంటారు, ఇంట్లో అయితే పిల్లల్ని లేపుతారు. ఉత్త బెల్లుకన్నా, ఏం జరిగిందో, ఎటు వెళ్లాలో మాటల్లో చెప్పే ప్రకటనకే జనం తొందరగా కదులుతారు.

ఇప్పుడు మన 400 మంది హాలుకే వెళదాం. అందరూ ఒకేసారి లేస్తే తలుపుల దగ్గర క్యూ, 171 సెకన్లు. అదే జనం ఐదు నిమిషాల పొడవునా ఒకరి తర్వాత ఒకరు లేచారనుకుందాం. సెకనుకు 1.33 మంది తలుపులకు చేరుతున్నారు, తలుపులు 2.34 మందిని పంపగలవు. క్యూ అసలు ఉండదు. కానీ హాలు ఖాళీ కావడానికి ఐదు నిమిషాల పైనే పడుతుంది. ఇలాంటప్పుడు తలుపులు రెండింతలు చేసినా ఒక్క సెకను కూడా కలిసిరాదు. స్పీకర్లు బాగుచేస్తే కలిసొస్తుంది. అందుకే 'అందరూ వెంటనే కదిలారు' అని పెట్టి నడిపిన సిమ్యులేషన్‌ను జాగ్రత్తగా చదవాలి. రద్దీ విషయంలో అది అతి కఠినమైన పరీక్ష, మొత్తం సమయం విషయంలో అతి ఉదారమైనది. ఇది కఠినమైన కేసు అని ఒక్క ముక్కలో రాసేసే నివేదికలను చూస్తే చిరాకేస్తుంది.

ఏ తలుపు?

చాలా ప్రోగ్రాముల్లో ప్రత్యేకంగా మార్చకపోతే చుక్కలకు భవనమంతా తెలుసు. దగ్గరి దారి, లేదా తక్కువ క్యూ ఉన్న దారి ఎంచుకుంటాయి. మనుషులు వచ్చిన దారినే వెళతారు.

2003 ఫిబ్రవరి 20న అమెరికాలోని రోడ్ ఐలాండ్‌లో స్టేషన్ అనే నైట్‌క్లబ్ కాలిపోయి 100 మంది చనిపోయారు. స్టేజీ మీద కాల్చిన బాణసంచా నిప్పు గోడలకు అంటించిన ఫోముకు తగిలింది. భవనానికి నాలుగు దారులున్నా, కనీసం మూడింట రెండొంతుల మంది తాము లోపలికి వచ్చిన ముందు ద్వారం వైపే వెళ్లారని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ విచారణలో తేలింది. సుమారు ఒకటిన్నర నిమిషంలోనే అక్కడ జనం ఒకరి మీద ఒకరు పడి దారి మూసుకుపోయింది. బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త జొనాథన్ సైమ్, 1973లో ఐల్ ఆఫ్ మ్యాన్‌లోని సమ్మర్‌ల్యాండ్ వినోద కేంద్రంలో జరిగిన అగ్నిప్రమాదం నుంచి బయటపడ్డవాళ్ల మాటలను పరిశీలించి ఇలాంటి సంగతే చెప్పాడు. సిబ్బంది తమకు తెలిసిన ఫైర్ ఎగ్జిట్ వైపు వెళ్లారు, వచ్చినవాళ్లు తమకు తెలిసిన ప్రవేశ ద్వారం వైపు వెళ్లారు. కుటుంబాలు విడిపోకుండా కలిసి కదలాలని చూశాయి. విడిపోయి ఉన్నవాళ్లు తమవాళ్ల కోసం జనానికి ఎదురు వెళ్లారు.

మన హాల్లో 400 మందిలో 300 మంది ఒకే తలుపును ఎంచుకుంటే 171 సెకన్లు కాస్తా 256 సెకన్లవుతాయి. కొలతలేవీ మారలేదు, మారింది జనం ఎటు వెళ్లారన్నదొక్కటే.

ఇలాంటి ప్రవర్తన అంతటికీ వార్తల్లో 'భయంతో పిచ్చెక్కిన గుంపు' అని పేరు పెడతారు. నాకది సోమరి వివరణ అనిపిస్తుంది. తెలిసిన దారిన వెళ్లడం, తనవాళ్ల కోసం ఆగడం పిచ్చి కాదు. ప్రమాదాల్లో బయటపడ్డవాళ్లు ముక్కూమొహం తెలియనివాళ్లకు కూడా సాయం చేశారని పరిశోధకులు పదేపదే గమనించారు. మోడల్ రాసేవాళ్లకు దీనితో పెద్ద పనే ఉంది. పిచ్చి అనుకుంటే వేగం, తోపుడు పెంచుతారు. తెలిసిన దారి, కుటుంబ బంధం అనుకుంటే చుక్కలను గుంపులుగా కట్టి, ఎవరికి ఏ ద్వారం తెలుసో విడివిడిగా ఇస్తారు. ఈ సౌకర్యం ఉన్న సాఫ్ట్‌వేర్లు చాలానే ఉన్నాయి, వాడేవాళ్లే తక్కువ.

పొగ సంగతి క్లుప్తంగా. జపాన్ పరిశోధకుడు జిన్ పొగ నింపిన వరండాల్లో మనుషులను నడిపించి, చూపు తగ్గేకొద్దీ వేగం ఎలా పడిపోతుందో కొలిచాడు. కళ్లు మండించే పొగలో చీకట్లో తడుముకుంటున్నట్టే నడుస్తారు. మంటల సిమ్యులేషన్‌నూ మనుషుల సిమ్యులేషన్‌నూ జోడించే ప్రోగ్రాములు చాలావరకు ఆ కొలతల మీదే ఆధారపడ్డాయి.

సరిగ్గానే నడుస్తోందని ఎలా తెలుస్తుంది?

ప్రయాణికుల ఓడల కోసం అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2007లో ఇచ్చిన మార్గదర్శకాల్లో చిన్న చిన్న పరీక్షలున్నాయి. 40 మీటర్ల వరండాలో సెకనుకు 1 మీటరు నడిచే మనిషి 40 సెకన్లలో చివరికి చేరాలి. 8 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు ఉన్న గదిలో 100 మంది, 1 మీటరు తలుపు. ప్రవాహం సెకనుకు 1.33 మందిని మించకూడదు. భవనాల వాళ్లు కూడా వీటిని తీసుకుని పెంచుకున్నారు. అగ్ని ప్రమాదాల్లో ఖాళీ చేయించే మోడళ్ల పరిశీలనకు 2020లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ నుంచి ఒక ప్రమాణమే వచ్చింది.

ఇవి అవసరమే గానీ, వీటిలో పాసవ్వడం పెద్ద గొప్పేమీ కాదు. కొన్ని ప్రోగ్రాముల్లో తలుపుకు గరిష్ఠ ప్రవాహాన్ని మనమే పెట్టొచ్చు. 1.33 అని పెడితే 1.33 వస్తుంది. అప్పుడు ఆ తలుపు దగ్గర సిమ్యులేషన్ చెప్పింది ఏముంది? మనం ఇచ్చిన అంకెను రంగుల్లో చూపించింది. ఇంకో ముఖ్యమైన విషయం, ఒకసారి నడిపి తెచ్చిన అంకెకు విలువ లేదు. వయసులు, వేగాలు, కదిలే క్షణాలు యాదృచ్ఛికంగా మార్చి చాలాసార్లు నడపాలి. ఓడల మార్గదర్శకాలు సగటును కాక, 95 శాతం ఫలితాలు ఏ సమయంలోపు పడతాయో దాన్ని తీసుకోమంటాయి. భవనాల నివేదికల్లో ఈ పట్టింపు అంతగా కనిపించదు.

వీటిని నమ్మకంగా వాడగలిగేది పోల్చడానికి. మెట్లు ఇక్కడ పెడితే నయమా, అక్కడ పెడితే నయమా? ఏ మలుపు దగ్గర జనం పేరుకుంటున్నారు? ఒక దారి మూసుకుపోతే ఏమవుతుంది? ఊహలన్నీ రెండు వైపులా ఒకటే కాబట్టి, తేడా మాత్రం కొంత నమ్మదగ్గదిగా ఉంటుంది. 2001 సెప్టెంబర్ 11న వరల్డ్ ట్రేడ్ సెంటర్ రెండు టవర్లలో కలిపి 17,400 మంది దాకా ఉన్నారని నిస్ట్ లెక్కగట్టింది. అవి పూర్తిగా నిండి ఉండి ఉంటే, దొరికిన సమయంలో మెట్లు చాలక దాదాపు 14,000 మంది చనిపోయి ఉండేవారని అదే విచారణ అంచనా వేసింది. జరగని సంఘటన గురించి ఇలాంటి ప్రశ్న వేయడానికి సిమ్యులేషన్ తప్ప వేరే సాధనం లేదు.

ఆ రోజు బయటపడ్డవాళ్లలో సుమారు 6 శాతం మందికి నడకలో ఏదో ఒక ఇబ్బంది ఉందని కూడా ఆ విచారణ చెప్పింది. మెట్లు దిగుతూ ఆగి ఊపిరి తీసుకునేవాళ్లు, ఒకరి భుజం పట్టుకుని దిగేవాళ్లు, వీల్‌చెయిర్ నుంచి ఎత్తుకుని దించాల్సినవాళ్లు. పాత కొలతలన్నీ ఆరోగ్యంగా నడిచేవాళ్లవే కాబట్టి చుక్కలు అలసిపోవు, మధ్యలో కూర్చోవు. మొదటి టవర్‌ను విమానం ఢీకొన్నాక, రెండో టవర్‌ను ఇంకో విమానం ఢీకొనేలోపు దొరికిన 16 నిమిషాల్లో, రెండో టవర్‌లో లిఫ్టుల వల్ల చాలామంది బతికారు. ఆ తర్వాత, ప్రత్యేకంగా రక్షణ కల్పించిన లిఫ్టులను జనం దిగడానికి వాడుకోవచ్చని అమెరికా నిబంధనలు ఒప్పుకున్నాయి, సాఫ్ట్‌వేర్లలోకి లిఫ్టులూ వచ్చాయి. లిఫ్టు వేగం, ఎంతమంది పడతారు, తలుపులు మూసుకోవడానికెంత పడుతుంది అన్నవన్నీ కంపెనీ కాగితాల్లో దొరుకుతాయి. మంటలున్నాయని తెలిశాక లిఫ్టు ముందు ఎంతసేపు నిలబడి మనిషి మెట్ల వైపు తిరుగుతాడో మాత్రం ఏ కాగితంలోనూ ఉండదు, ఆ అంకెను ఎవరో ఒకరు టైప్ చేయాల్సిందే.